జాంగోకు ఏ సీఎంఎస్? వాగ్‌టెయిల్‌తో కొన్నేళ్లు పనిచేశాక

పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగోతో సైటు కట్టేవారికి సీఎంఎస్ (కోడు ముట్టకుండా సైటులో రాసుకునే, దిద్దుకునే వ్యవస్థ) ప్రస్తావన రాగానే మొదట వచ్చే సందేహం, అసలు అది అవసరమా అని. జాంగోతో పాటే వచ్చే అడ్మిన్, అంటే సమాచారం నింపే తెర, సగం పని చేసిపెడుతుంది. ఈ ఫ్రేమ్‌వర్క్ పుట్టింది అమెరికాలోని కాన్సస్‌లో, ఒక పత్రిక కార్యాలయంలో. 2005లో బయటికి వచ్చింది. విలేకరుల చేతికి ఫారాలు అందించడం దానికి వెన్నతో పెట్టిన విద్య. కానీ ఫారం నింపడం వేరు, పేజీ కూర్చడం వేరు. ఒక పేరా, దాని కింద ఫొటో, తర్వాత ఒక పద్యం, మళ్లీ పేరా. ఈ వరసను రాసేవారే తమకు నచ్చినట్టు మార్చుకోవాలంటే అడ్మిన్ చాలదు.

చెన్నైలో ఒక తెలుగు సాంస్కృతిక సంఘం సైటును నేను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. తెలుగు, తమిళం, ఇంగ్లిష్ మూడింటిలోనూ నడుస్తుంది. అందులో వార్తలు, వ్యాసాలు పెట్టేది ఒక విశ్రాంత తెలుగు మాస్టారు. సీఎంఎస్‌ను ఎంచుకునేటప్పుడు రోజూ అందులో రాసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ లెక్కన మా ముందు మిగిలినవి రెండే: జాంగో సీఎంఎస్, వాగ్‌టెయిల్.

జాంగో సీఎంఎస్ పాతది, పేరున్నది. సైటులో కనిపించే పేజీ మీదే దిద్దుకోవడం దాని బలం. పేజీలు తక్కువగా ఉండి, రూపం ముఖ్యమైన సైట్లకు ఇప్పటికీ అదే మేలంటాను. మా దగ్గర వ్యాసాలు వందల్లో ఉన్నాయి. రచయిత, సంచిక, విషయం అంటూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వాగ్‌టెయిల్‌లో ప్రతి పేజీ రకమూ మామూలు జాంగో మోడలే, అంటే డేటాబేస్ పట్టికకు కోడులో ఇచ్చే రూపమే. వ్యాసానికి రచయిత కావాలంటే ఫారిన్ కీ (మరో పట్టికకు ముడి) పెడతాం, మైగ్రేషన్ (డేటాబేస్‌ను కోడుకు తగ్గట్టు మార్చే మెట్టు) నడుపుతాం, అంతే. మనకు తెలిసిన జాంగో ఎక్కడా పనికిరాకుండా పోదు. నేను అటు మొగ్గడానికి ఇదొక్కటే చాలింది. బ్రిటన్‌కు చెందిన టార్చ్‌బాక్స్ అనే సంస్థ దీన్ని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ సైటు కోసం తయారుచేసి 2014లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది.

రాసేవారికి దీనిలో అసలైన వరం స్ట్రీమ్‌ఫీల్డ్. పేరా, ఫొటో, పద్యం, పట్టిక, ఇలా ఏయే ముక్కలు ఉండవచ్చో మనం కోడులో చెబుతాం. వాటిని ఏ వరసలో పేర్చాలో రాసేవారి ఇష్టం. పద్యానికి నేను విడిగా ఒక బ్లాకు చేసిచ్చాను. పాదాలకు ఒక పెట్టె, ఛందస్సుకు ఒకటి, కవి పేరుకు ఒకటి. మాస్టారు పద్యం అతికిస్తే నాలుగు పాదాలూ నాలుగు వరసల్లో, సైటంతటా ఒకే తీరులో కనిపిస్తాయి. అంతకుముందు ఆయన వర్డ్ ఫైలు పంపితే పాదాలు విరిగిపోయి, ఎవరో ఒకరు కూర్చుని సరిచేయవలసి వచ్చేది.

దీనికి మరో వైపూ ఉంది. స్ట్రీమ్‌ఫీల్డ్‌లోని సమాచారమంతా జేసన్ అనే పాఠ రూపంలో డేటాబేస్‌లోని ఒకే కాలమ్‌లో ఉంటుంది. బ్లాకు పేరు మార్చినా, తీసేసినా జాంగో మైగ్రేషన్ పాత సమాచారాన్ని దానంతట అది సర్దదు. కోడులో లేని బ్లాకు ఎడిటర్‌లో కనిపించదు, ఆ పేజీని మళ్లీ భద్రపరిస్తే అందులోని పాఠం పోతుంది. కాబట్టి పేరు మార్చే ముందు, పాత సమాచారాన్ని కొత్త పేరుకు సర్దే డేటా మైగ్రేషన్ రాసితీరాలి. కొత్తవాళ్లకు నేను మొదటి రోజే చెప్పే మాట ఇది.

ఎడిటర్ తెరలో మాస్టారిని ఇబ్బంది పెట్టినది కింద ఉండే బటన్. మామూలుగా అక్కడ ముందుండేది డ్రాఫ్ట్‌గా భద్రపరిచే బటన్. ప్రచురించాలంటే పక్కనున్న బాణం గుర్తు నొక్కి ఎంచుకోవాలి. ఆయన ఫోను చేసి, "ఇది అచ్చయిపోయిందా అమ్మా, ఇంకా నా దగ్గరే ఉందా?" అని అడిగేవారు. "ఇంకా మీ దగ్గరే ఉంది మాస్టారూ" అనేదాన్ని. ఒక చిన్న హుక్‌తో (వాగ్‌టెయిల్ పనిలో మన కోడును చొప్పించే చోటు) ప్రచురణ బటన్‌ను ముందుకు తెచ్చాక ఆ ఫోన్లు ఆగాయి. ఇలా లోపలికి చేయి పెట్టి మార్చుకోగలగడం వాగ్‌టెయిల్‌లో నాకు చాలా ఇష్టం.

ఇక తెలుగు సంగతి. ఇది ఒక్క వాగ్‌టెయిల్ తప్పు కాదు, దాని అడుగున ఉన్న పైథాన్ నుంచే వస్తుంది. శీర్షిక నుంచి చిరునామా ముక్కను, అంటే స్లగ్‌ను, తయారుచేసే జాంగో ఫంక్షన్‌కు యూనికోడ్ అనుమతి, అంటే ఇంగ్లిష్ కాని అక్షరాలకూ అనుమతి, ఇచ్చి మరీ "తెలుగు" అని అందించండి. "తలగ" అని తిరిగి వస్తుంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (పాఠంలో నమూనాలను పోల్చే సూత్రాలు) గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించవు. పోనీ చేత్తో టైపు చేద్దామంటే, సరిచూసే నియమం కూడా అదే కాబట్టి ఒప్పుకోదు. "మన గుణింతాలు ఏం పాపం చేశాయి?" అని మాస్టారు బాధపడ్డారు. ఆయన బాధ న్యాయమైనది. ప్రస్తుతానికి స్లగ్గులన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెడుతున్నాం.

వెతుకులాట మరో చిక్కు. వాగ్‌టెయిల్ వెతుకులాటను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీదే నడపవచ్చు, ఎలాస్టిక్‌సెర్చ్ అనే విడి వెతుకులాట సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. పోస్ట్‌గ్రెస్ 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి తమిళ పదాల చివరి ప్రత్యయాలను విడదీయగలదు. తెలుగుకు ఆ సౌకర్యం లేదు. "చెన్నై" అని వెతికితే "చెన్నైలో" అని ఉన్న వ్యాసం దొరకదు. దీనికి మేము ఆటోకంప్లీట్ వెతుకులాటను వాడుకున్నాం. అది పదం మొదలును బట్టి పోలుస్తుంది కాబట్టి చెన్నైలో, చెన్నైకి, చెన్నైనుంచి అన్నీ వస్తాయి. అయినా "పుస్తకం" అని కొడితే "పుస్తకాలు" రాదు. "పుస్తక" దగ్గర ఆపాలి. ఆ సూచన వెతుకు పెట్టె కిందే రాసిపెట్టాం.

మూడు భాషల నిర్వహణ మాత్రం హాయిగా ఉంది. 2020లో వచ్చిన 2.11 వెర్షన్ నుంచి భాషల ఏర్పాటు వాగ్‌టెయిల్‌లోనే ఉంది. దానికి వాగ్‌టెయిల్ లోకలైజ్ అనే అనువాదాల ప్యాకేజీ తోడైతే, తెలుగు వ్యాసంలో ఒక పేరా మారినప్పుడు తమిళంలోకి మళ్లీ అనువదించాల్సింది ఆ పేరా ఒక్కటే.

ఫొటోల గురించి ఒక మాట. సభల ఫొటోలను చిన్న చట్రంలోకి కత్తిరిస్తే తలలు తెగుతాయి. వాగ్‌టెయిల్‌లో ముఖాల చుట్టూ ఒక పెట్టె గీస్తే చాలు, కత్తిరింపు ఆ భాగాన్ని కాపాడుతుంది.

వెర్షన్లు సుమారు మూడు నెలలకు ఒకటి వస్తాయి. 2022 నాటి 3.0లో ఇంపోర్ట్ దారులు (మన కోడులోకి వాగ్‌టెయిల్ భాగాలను తెచ్చుకునే పేర్లు) మారినా, వాటిని సరిదిద్దే కమాండ్‌ను వాళ్లే ఇచ్చారు. మాలాంటి చిన్న బృందానికి ప్రతి వెర్షన్ వెంటా పరుగెత్తడం అనవసరం. దీర్ఘకాలం మద్దతున్న వెర్షన్ల మీద నిలబడి, ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ పోతే సరిపోతుంది. మారేముందు ప్రతిసారీ పద్యాల పేజీలను టెస్ట్ సర్వర్‌లో మాస్టారి చేతే తెరిపించి చూపిస్తాను.