రెండేళ్లు వాడిన గ్రాఫు యాప్: స్లైడర్‌కి దండం, స్కేలుతోనే పేచీ

సమీకరణం కొడితే గీత గీసి చూపించే ఈ యాప్‌ని మా పాప తొమ్మిదిలో ఉండగా ఫోన్‌లో వేశాను, ఇప్పుడు పది. నా గోలంతా రెంటి గురించే: సమీకరణంలోని అంకెను వేలితో జరిపి మార్చే స్లైడర్, అక్షం మీద గడికి ఎంతో చెప్పే స్కేలు.

గుంటూరు బ్రాడీపేటలో మాది జిరాక్స్ కొట్టు. పేజీకి రూపాయి, స్పైరల్ బైండింగుకి 30. అంటే ఎక్స్ పేజీలకి వై రూపాయలైతే, వై = ఎక్స్ + 30. ‘అంతరఖండం’ (గీత నిలువు అక్షాన్ని తాకే చోటు; సమీకరణంలో సి, ఇక్కడ 30) అని ఎన్నిసార్లు చదివినా పాపకి ఎక్కనిది, సి స్లైడర్ అటూ ఇటూ జరిపితే పట్టేసింది: "ఒక్క పేజీ తీయకముందే పడే డబ్బులన్నమాట!" పక్క కొట్లో పేజీకి 2, బైండింగు ఫ్రీ. ఆ గీతా వేసింది. రెండూ 30 పేజీల దగ్గర, 60 రూపాయలకి కలిశాయి. "30 లోపైతే వాళ్ల దగ్గరే చవక నాన్నా" అంది, మా కొట్లోనే కూర్చుని!

ఆ ఊపులో కనిపించినవాళ్లందరికీ ఇదే వేసుకోమన్నాను. ఇప్పుడైతే కాస్త ఆగి చెబుతాను.

మొన్న స్లిప్ టెస్టులో ఇలాంటి లెక్కే వచ్చింది. సెంటీమీటరుకి ఒక యూనిట్ తీసుకుంది. తీరా 30 దగ్గర చుక్క పెట్టబోతే షీటు చాల్లేదు. కొట్టేసి మళ్లీ గీసేలోపు బెల్లు. ముందు పిల్లనే కసిరాను. తర్వాత తట్టింది, ఈ రెండేళ్లలో తను ఒక్కసారీ స్కేలు ఎంచుకోలేదు. గీత స్క్రీన్‌లో పట్టేట్టు అక్షాలను యాప్ తనే సర్దేస్తోంది.

ఇంకోసారి సరదాకి బైండింగు 300 చేశాం. గీత పడుకున్నట్టయింది. "వాలు తగ్గిందేంటి నాన్నా?" "అవునమ్మా, తగ్గింది" అనేశాను! వాలంటే పేజీకి పెరిగే డబ్బు; పేజీకి రూపాయి రూపాయే కదా, ఎలా తగ్గుతుంది? నిలువు అక్షం మీద గడికి 10 ఉన్నది 100 అయింది, అడ్డం మీద మాత్రం 10 అలాగే ఉంది. అది కనిపెట్టడానికి ఇద్దరికీ ఓ పూట పట్టింది.

ఆ సర్దుడు ఆపే సెట్టింగ్ ఉంది. లోపలెక్కడో దాచారు.

నాకు గ్రాఫు షీట్లు కొట్లోనే ఉంటాయి, సాయంత్రాలు పాప పక్కనే ఉంటాను కాబట్టి మాకు నడుస్తోంది. ఆ వీలు లేనివాళ్లకి ఇది సరిపోతుందని గట్టిగా చెప్పలేను. పక్క కొట్టతను ఈమధ్య బైండింగుకి 20 పెట్టాడు. ఈసారి పాప ముందు షీటు మీదే గీసింది. గీతలు 10 పేజీల దగ్గరే కలిశాయి.