బెంగళూరు–విజయవాడ విమానం: కుదుపుల లెక్క ఎవరి ఖాతాలో వేయాలి?

నెలకొకసారి అమ్మను చూడటానికి బెంగళూరు నుంచి విజయవాడకు వెళ్ళివచ్చే నేను, ఈ మే నెలలో ఒకే సంస్థ విమానాల్లో, వెళ్ళేటప్పుడు రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72లోను, తిరుగుప్రయాణంలో ఎయిర్‌బస్ ఏ320లోను ప్రయాణించాను. వేళకు బయలుదేరాయి, సిబ్బంది మర్యాదగా ఉన్నారు, ఉప్మా చప్పగా ఉంది. ఆ సంగతులు అంతటితో వదిలి, ప్రయాణం ఒంటికి ఎలా తెలిసిందన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఏటీఆర్ మధ్యాహ్నం రెండున్నరకు దేవనహళ్ళిలో లేచింది. ఈ విమానంలోకి వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు. నాకు దొరికిన చివరి వరుసలో ప్రొపెల్లర్ల మోత తక్కువ, ఊగుడు మాత్రం ఎక్కువ. కడప దాటి నల్లమల దక్షిణపు కొస మీదికి వచ్చేసరికి, గతుకుల బాటలో పరుగెత్తే ఖాళీ ఎడ్లబండిలో కూర్చున్నట్టు అయింది. పక్కసీటులోని పెద్దావిడ కొంగు బిగించుకుని, "బాబూ, దీన్ని మనిషి నడుపుతున్నాడా, మిషను నడుపుతోందా?" అని అడిగారు. "ఈ కుదుపు చూస్తే మనిషేనేమోనండీ" అన్నాను. తరువాత గన్నవరంలో చక్రాలు నేలను తాకిన సంగతి కూడా తెలియకుండా దిగినప్పుడు, ఆ మెప్పును నా మనసులో యంత్రానికే ఇచ్చాను.

దిగేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడిన కో-పైలట్ తెలుగమ్మాయి కావడంతో, ఆగి, ఆ కుదుపుల్లో చేత్తో నడిపారా అని అడిగాను. "లేదండీ, ఆ కుదుపుల్లో ఆటోపైలట్ ఉంచాం. వేగం తగ్గించి మేఘాల పక్కనుంచి తిప్పాం. రన్‌వే కనిపించాక చేత్తో పట్టుకుని దించాం" అని చెప్పింది. నా లెక్క పూర్తిగా తలకిందులైంది.

తరువాత ఆలోచిస్తే అందులో వింతేమీ లేదనిపించింది. కుదుపు పుట్టేది గాలిలో. దాన్ని మనకు ఎంతవరకు చేరవేయాలన్నది మొదట నిర్ణయించేది రెక్క. ఏటీఆర్ 72 గరిష్ఠంగా 23,000 కిలోల బరువుతో లేస్తుంది, దాని రెక్కల వైశాల్యం 61 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 375 కిలోలు. ఏ320లో అదే లెక్క 600 కిలోలు దాటుతుంది. ఒకే వేగంతో పోతున్నప్పుడు ఒకే గాలి తోపుకు, రెక్క మీద బరువు తక్కువగా ఉన్న విమానమే ఎక్కువగా ఎగిరిపడుతుంది. పైగా ఏటీఆర్ 25,000 అడుగులకు మించి ఎక్కదు, ఇంత చిన్న దూరానికి ఆ ఎత్తుకు కూడా వెళ్ళదు కాబట్టి, మే నెల మధ్యాహ్నం వేడెక్కిన నేల మీది నుంచి లేచే గాలుల మధ్యే దాని దారి. జెట్టుకు వాటిలో చాలావరకు తప్పించుకునే ఎత్తు ఉంది.

మరి ఆటోపైలట్‌కూ చేతికీ తేడా ప్రయాణికుడికి ఎక్కడ తెలుస్తుంది? మలుపుల్లో తెలుస్తుంది. ఎత్తు కోల్పోకుండా 25 డిగ్రీలు ఒరిగి తిరుగుతున్న విమానంలో 60 కిలోల మనిషికి తన బరువు 66 కిలోలు అనిపిస్తుంది. అది ఎవరు తిప్పినా ఒకటే. కాని ఆ ఒరుగుడులోకి ఎంత మెల్లగా తీసుకువెళ్ళారు, ఎంత మెల్లగా బయటికి తెచ్చారన్నది కడుపుకు తెలుస్తుంది. యంత్రం ప్రతిసారీ ఒకేలా చేస్తుంది. మంచి చెయ్యి అంతకంటే నున్నగానూ చేయగలదు, కంగారుపడే చెయ్యి ప్రతి కుదుపునూ వెంటాడి ఇంకో ఊగుడు కలుపుతుంది. పల్లకీ మోసేవారిలో ఒకడు అడుగు తప్పితే లోపల కూర్చున్నవారికి ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇంజిన్ మోత సంగతి మరొకటి. ఏటీఆర్‌లో ఇంజిన్ శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ లేదు కనుక, ఆటోపైలట్ నడుపుతున్నప్పుడు కూడా శక్తిని పెంచేదీ తగ్గించేదీ పైలట్ చెయ్యే. మోత హఠాత్తుగా మారిన రెండు మూడు చోట్ల యంత్రాన్ని తప్పుపట్టనక్కరలేదు. ఏ320లో ఆ పని కూడా యంత్రానికి అప్పగించవచ్చు. అందులో చేత్తో నడిపినా పైలట్ ఆదేశం కంప్యూటర్ల గుండానే రెక్కలకు చేరుతుంది కాబట్టి, వెనక కూర్చున్న మనకు తేడా పోల్చుకోవడం ఇంకా కష్టం.

తిరుగుప్రయాణం ఉదయాన, పైన నిలకడగా సాగింది. ముప్ఫై వేల అడుగుల పైబడి విమానాల మధ్య నిలువు దూరం వెయ్యి అడుగులే ఉండే ఎత్తుల్లో, ఎత్తును నిలిపే పని ఆటోపైలట్‌దే కావడం నియమం. బెంగళూరులో మాత్రం చక్రాలు దబ్బున తాకాయి; ముందు వరుసలో ఒకాయన "ఇంత అధ్వాన్నమా" అన్నారు. రాత్రి వాన పడి రన్‌వే తడిగా ఉంది. అలాంటప్పుడు చక్రాలు నీటి మీద తేలిపోకుండా కొంచెం గట్టిగానే దించడం సరైన పని కనుక, దానికి నేను మార్కులు తగ్గించలేదు.

తగ్గించింది ఒక్కదానికి. ఏటీఆర్‌లో ఇరవై నిమిషాలపాటు విమానం ఊగుతుంటే, సీటు బెల్టు దీపం తప్ప కాక్‌పిట్ నుంచి ఒక్క మాట లేదు. "మేఘాల పక్కనుంచి వెళుతున్నాం, ఇంకో పది నిమిషాలు" అని ఏ భాషలో చెప్పినా ఆ పెద్దావిడ కొంగు వదిలేవారు. వేడి టీ పంచడం ఆపారు, అది మంచిపనే; ఎందుకు ఆపారో చెప్పలేదు.

ఏటీఆర్‌కు అయిదుకు మూడు, ఏ320కు నాలుగు. అయినా చార్జీలో తేడా చూసి, వచ్చే నెలకు మళ్ళీ ఏటీఆరే తీసుకున్నాను: నేల వేడెక్కకముందు ఉదయం బయలుదేరేది, ఊగుడు తక్కువగా ఉండే రెక్క కింది మధ్య వరుసలో.