అనుమతి కాగితం చూడనిదే మైకు ఇవ్వని దుకాణం

మా వీధి మొదట్లో ఉన్న మైకు సెట్ల దుకాణానికి నా మార్కులు అయిదుకు నాలుగు. హైదరాబాద్‌లో వినాయక చవితికి సెట్టు అద్దెకు తీసుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా కాలనీ మండపం ఏటా సరిగ్గా నా పడకగది కిటికీ కిందే వెలుస్తుంది. నాలుగేళ్లు చెవుల్లో దూది పెట్టుకుని భరించాను. 2025లో నేనే కమిటీలో చేరి, మైకు బాధ్యత అడిగి మరీ తీసుకున్నాను.

దుకాణం పెద్దాయన ధర చెప్పకముందే, "పోలీసుల అనుమతి వచ్చిందా అమ్మా?" అని అడిగారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు అప్పటికే పెట్టాం. మండపం చోటు, విగ్రహం ఎత్తు, నిమజ్జనం తేదీ, ఊరేగింపు దారి అన్నీ నింపాం. వచ్చిన కాగితాన్ని మాత్రం మా కమిటీలో ఎవరూ చివరిదాకా చదవలేదు, నాతో సహా. ఆయన కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదివి, రాత్రి పదింటికి మైకు ఆపాలన్న షరతు కింద పెన్నుతో గీత గీశారు.

కుర్రాళ్లు డీజే పెట్టెలు అడిగారు. ఊరేగింపుల్లో డీజేలను 2024 అక్టోబరులో నగర పోలీసులు నిషేధించాక వాటిని అమ్మేశానన్నారు. రెండు పెట్టెలు, ఒక యాంప్లిఫయర్, రెండు మైకులు ఇచ్చారు. శబ్దం పెంచే మీట పక్కన ఎర్ర టేపు అంటించి, అది దాటితే సెట్టు పట్టుకుపోతానన్నారు. బెదిరింపు అనుకున్నాం. మూడో రోజు నిజంగానే వచ్చి, ఒక పెట్టె విప్పుకుని వెళ్లారు!

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. మైకు పెట్టకముందే నా కిటికీ దగ్గర ఫోనుతో కొలిస్తే 60 చూపించింది. ఆటోల పుణ్యం.

అయిదో రాత్రి భజన మంచి ఊపులో ఉండగా పది కొట్టింది. పండగలకు పన్నెండు దాకా సడలింపు ఉంటుందని ఒకాయన వాదనకు దిగారు. అది ప్రభుత్వం ప్రకటించిన రోజులకే, ఏడాదికి పదిహేను రోజులు మించకుండా వర్తిస్తుంది. దుకాణం తరఫున వచ్చిన కుర్రాడు ఆ లెక్కలేవీ చెప్పలేదు. "మీ కాగితంలో పది అని ఉంది సార్" అని ప్లగ్గు పీకేశాడు. తర్వాత చప్పట్లతోనే భజన సాగింది. నిజం చెప్పాలంటే అదే బాగుంది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రెండో మైకు మొదటి రోజు నుంచీ గుయ్యిమంటూనే ఉంది. మార్చమని మూడుసార్లు ఫోను చేస్తే ఎనిమిదో రోజుకు మార్చారు. మంత్రపుష్పం సగం ఆ గుయ్యిలోనే పోయింది.

బతుకమ్మకు కూడా అక్కడే తీసుకుందామని వెళ్లాను. అడ్వాన్సు ఇవ్వబోతే పుచ్చుకోలేదు, ముందు కాగితం తెమ్మన్నారు.