పనస డ్యాష్‌బోర్డు, ఖద్దరు సీలింగు: విజయనగరంలో పాత కార్లు

కోట దగ్గర ఒక కాలేజీ మైదానంలో పాత కార్లు పెడుతున్నారని తెలిసి, మా బావా నేనూ శ్రీకాకుళం నుంచి బస్సులో విజయనగరం వెళ్లాం. కారు తీసుకెళ్లకపోవడమే మేలైంది. గంటస్తంభం చుట్టుపక్కల పార్కింగ్ అంటే పెద్ద టెన్షన్. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగితే ఆటోలు బోలెడు.

కాంప్లెక్స్ పక్కనే లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ తెల్లవార్లూ బస్సుల హారన్లే. నిద్ర కావాలనుకునేవాళ్లు రోడ్డు మీద కాకుండా కాస్త లోపలి వీధిలో గది చూసుకోవడం మంచిది. లాడ్జి కింద హోటల్లో టిఫిన్ చప్పగా ఉంది. ఎదురుగా బండి మీద తిన్న ఇడ్లీ, అల్లం చట్నీ మాత్రం మళ్లీ అడిగి వేయించుకున్నాం.

వచ్చిన కార్లలో సగానికి పైగా అంబాసిడర్లే. ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో మొదలైన ఈ బండి, 2014లో ఆగిపోయేదాకా రూపురేఖలు పెద్దగా మార్చుకోలేదు. బయట కొత్తగా చేయడానికి ఏమీ ఉండదు కాబట్టి యజమానుల సరదా అంతా లోపలే కనిపిస్తుంది. అదే కంపెనీ వాళ్ల ఒక కాంటెస్సా కారుకి మెరూన్ వెల్వెట్, నీలం లైట్లు, చెక్కలా కనిపించే ప్లాస్టిక్ స్టిక్కర్లు. సెల్ఫీల గుంపంతా అక్కడే. నాకైతే పెళ్లి విడిదిలోకి దూరినట్టుంది.

ఓ మూలన తెల్ల మార్క్ 2 అంబాసిడర్ దగ్గర జనం లేరు. దాని డ్యాష్‌బోర్డు పనస చెక్క. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి పనివాడితో చెక్కించారట. కొత్తలో పసుపుగా ఉండే ఆ చెక్క ఏళ్లు గడిచేకొద్దీ ముదురు రంగు తేలుతుంది. ఇది సరిగ్గా ఆ మధ్య రంగులో ఉంది. మీటర్ల చుట్టూ బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి రింగులు. సీలింగు లైనింగు పొందూరు ఖద్దరు.

"చేత్తో తాకి చూడండి బాబూ, పర్లేదు," అన్నారు యజమాని. పెద్దాయన.

"దుమ్ము పట్టదా మాస్టారూ?" అన్నాడు బావ.

"పడుతుంది. విప్పి ఉతికి మళ్లీ కుట్టిస్తాను. రెక్సిన్ అయితే ఎండలో వాసనేస్తుంది కదా."

ఉతికి కుట్టించే ఓపిక నాకు లేదు. అయినా వచ్చిన వాటిలో కూర్చుని ప్రయాణం చేయాలనిపించింది ఆ కారులోనే.

వింత కోసమే చేయించాలంటే 1910 నాటి కలకత్తా హంస కారుని మించలేరు. ఒక తెల్లదొర ఇంగ్లండులో బ్రూక్ కంపెనీతో చేయించాడు. ముందంతా హంస మెడా తలా, ముక్కులోంచి ఆవిరి చిమ్మేది. తర్వాత పంజాబ్‌లోని నాభా సంస్థానం మహారాజు దగ్గరికి చేరింది. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లౌమన్ మ్యూజియంలో ఉంది.

ఏర్పాట్ల సంగతి చెప్పాలంటే నీడ లేదు, తాగునీళ్లు దూరం. ఏ కారు ఏ సంవత్సరందో రాసిన బోర్డులు సగం వాటికి లేవు. పొద్దున్నే వెళ్తే యజమానులు తీరిగ్గా మాట్లాడతారు. మధ్యాహ్నమైతే బానెట్లు కాలిపోతుంటాయి, వాళ్లు చెట్ల కిందికి వెళ్లిపోతారు.

టైమ్ మిగిలితే పక్కనే కోట ఉంది, 1713లో మొదలుపెట్టి కట్టింది. లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి అంతా తిరిగి చూడొచ్చనుకోకండి. ముఖద్వారం, బురుజులు చూసి పెద్దచెరువు వైపు నడిస్తే సాయంత్రం బస్సుకి సరిపోతుంది.