నాన్న ఉద్దెర ఖాతా పట్టుకుని నల్లమలకు

నాన్న పోయాక ఏడాది నిండేదాకా అమ్మ ఏ కొండా ఎక్కలేదు. ఇంట్లో మనిషి పోయిన ఏడాది కొండమీది గుళ్లకు వెళ్లకూడదని మా ఇళ్లలో ఆనవాయితీ. కార్తీకంలో సంవత్సరీకం అయిన నాలుగో రోజు, "ఇక పదండిరా, ఆయన తిరిగిన దారి నాకూ చూపించండి" అంది.

నాన్నకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నీటి మోటార్ల షాపు. తాతయ్య పెట్టింది. నాన్న 40 ఏళ్లు నడిపాడు, ఇప్పుడు మేం అన్నదమ్ములం చూస్తున్నాం. కల్వకుర్తి, అచ్చంపేట వైపు రైతులు మాకు పాత గిరాకీ. మోటారు రిపేరుకు మెకానిక్‌ను పంపితే సరిపోయే చోటికి కూడా నాన్న తనే బయల్దేరేవాడు. పొద్దున్నే పని ముగించి అటునుంచి అటే నల్లమల అడవిలోకి వెళ్లిపోయేవాడు. ఆదివారం ఊళ్లో ఉంటే భువనగిరి ఏకశిల ఎక్కాల్సిందే. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన ఆ కోట మీదికి నన్ను మొదటిసారి ఎక్కించినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మెట్ల మీద కాదు, పక్కనున్న బండ మీదుగా.

షాపు ఉద్దెర ఖాతా పుస్తకం వెనక పేజీల్లో ఈ తిరుగుళ్ల లెక్క కూడా రాసేవాడు. నచ్చిన చోటుకు 'జమ', నచ్చనిదానికి 'ఖర్చు'. "మల్లెలతీర్థం - మెట్లు 350. మధ్యాహ్నం దాటాక దిగొద్దు. జమ." ఈ ప్రయాణానికి మేం పట్టుకెళ్లిన గైడు ఆ పుస్తకమే.

శనివారం ఒంటిగంటకు షాపు కట్టేసి బయల్దేరాం. అమ్మ, తమ్ముడు, నేను, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. తుక్కుగూడ దాటాక రోడ్డు బాగుంది, కడ్తాల్‌లో టీ తాగాం, రూ.60. సాయంత్రానికి ఉమామహేశ్వరం చేరాం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. నిలువు కొండ కింద గుడి, బండలోంచి ఊరే నీళ్లు. అమ్మ ఆ నీళ్ల కింద చెయ్యి పట్టి చాలాసేపు నిలబడింది. మేం పిలవలేదు.

తర్వాత లాడ్జి. దీని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

వారం ముందే ఫోన్‌లో మాట్లాడాను. గది రూ.2,400, రెండు గదులు, అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి కింది అంతస్తు, వేడినీళ్లు, పొద్దున టిఫిన్ అందులోనే. అన్నింటికీ సరేనన్నారు. రూ.2,000 అడ్వాన్సు పంపాను. రాత్రి ఎనిమిదింటికి చేరేసరికి "వీకెండ్ కదా సార్, గది రూ.3,200" అన్నాడు మేనేజరు. కింద ఖాళీ లేదు, రెండో అంతస్తు. ఫోన్‌లో ఒప్పుకున్న మాట గుర్తుచేస్తే, "ఎవరు చెప్పారో వాళ్లనే అడగండి" అన్నాడు. ఆ ఫోన్ ఎత్తింది ఎవరో అతనికి తెలియదట.

అడవిలోకి దారి మొదలయ్యే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారు, మళ్లీ పొద్దున ఆరింటికే తీస్తారు. పులుల అడవిలో రాత్రిపూట బండ్లు తిరగకూడదని ఆ నియమం, అది మంచిదే. కానీ ముసలావిడతో, పిల్లతో ఆ వేళలో వచ్చినవాళ్లు ఇంకెక్కడికీ పోలేరని లాడ్జివాళ్లకు బాగా తెలుసు. అమ్మ ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి పైకెక్కింది. గది వెనక జనరేటర్, దుప్పట్లకు ముక్కిన వాసన. గీజరు పని చేయదు, వేడినీళ్లు బకెట్ రూ.60. నాలుగు బకెట్లకు రూ.240. టిఫిన్ "ఈ నెల నుంచి ఆపేశాం". మొత్తం రూ.6,640, అడ్వాన్సు పోను రూ.4,640 కట్టాం. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద అంకె రాసిచ్చాడు.

రూ.1,840 ఎక్కువ పోయినందుకు కాదు నా బాధ. ఆ ఖాతాలోనే ఒక పద్దు ఉంది. వంగూరు వైపు రైతుకు అమ్మిన మోటారు మూడు నెలల్లో కాలిపోయింది. వోల్టేజీ సమస్య, మా పూచీ కాదని కంపెనీ తప్పుకుంది. వైండింగ్ ఖర్చు నాన్నే పెట్టుకుని పద్దు పక్కన రాశాడు: "ఆడదని చెప్పలేదు, ఆడుతుందని చెప్పాం. మాట మనది." అలాంటి మనిషి పేరు మీద చేసిన ప్రయాణంలో ఇలా జరగడం నాకు మింగుడుపడలేదు. తమ్ముడు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.

పొద్దున ఆరింటికి గేటు తీయగానే లోపలికి వెళ్లాం. ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు అటవీశాఖ బండిలో తీసుకెళ్తారు. పైన అంతా మంచే. ఏమీ కనిపించక మిగతావాళ్లు తిరుగుదామన్నారు. నాన్న పుస్తకంలో "మంచు పోయేదాకా ఆగాలి. జమ, జమ" అని రెండుసార్లు ఉంది. మా అమ్మాయి అది డ్రైవరుకు చదివి వినిపించింది. ఆయన నవ్వి ఇంజిను ఆపేశాడు. ఇరవై నిమిషాలకు మంచు విడి కింద ఊళ్లు, చెరువులు, మైదానమంతా బయటపడింది. "ఇంటికొచ్చి ఏం చూశావంటే ఏమీ లేదు, చెట్లే అనేవాడు" అంది అమ్మ. ఇంతకుముందు ఈ మాట మాకు చెప్పలేదు. పులి కనిపించలేదు, దాని కోసమే అయితే రావద్దు.

మల్లెలతీర్థం జలపాతానికి వటవర్లపల్లి దగ్గర హైవే దిగాలి. అక్కడ ఒకావిడ ఇంటి ముందే వంట చేసిపెడుతుంది. దిగేముందే చెప్పిపోతే వచ్చేసరికి జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, పచ్చిపులుసు, ప్లేటు రూ.150. అమ్మ నూట ఇరవై మెట్లు దిగి కూర్చుండిపోయింది, కిందికి పోయిన మేం మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాం. పుస్తకంలోనూ సరిగ్గా అంతే లోతు. పైకొచ్చి తింటుంటే నాలుగో ప్లేటుకు కూర తక్కువైంది. డబ్బులిచ్చేటప్పుడు ఆవిడే, "అదొక్కటి నూరే ఇవ్వండి, ముక్కలు సరిగా రాలేదు" అని రూ.550 తీసుకుంది. నేను రూ.600 ఇస్తే యాభై తిరిగి చేతిలో పెట్టింది. ఆ రొట్టె మెత్తదనం, ఆ కూరలో కారం ఇప్పటికీ నోట్లోనే ఉన్నాయి. "మీ నాన్నయితే ఈమెకు ఉద్దెర లేదనేవాడు కాదు" అంది అమ్మ.

వెళ్లేవాళ్లకు నా మాట: శనివారం రాత్రి బస పెట్టుకోకండి. హైదరాబాద్‌లో మూడున్నరకు లేచి నాలుగులోపు బయల్దేరితే గేటు తీసిన కాసేపటికే మన్ననూరు దాటొచ్చు, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఉండాల్సివస్తే ధర, అంతస్తు, వేడినీళ్లు మెసేజ్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు పంపండి. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు ఇంట్లోనే వదిలి స్టీలు బాటిళ్లు పట్టుకెళ్లండి. మల్లెలతీర్థం ఎండాకాలం వెళ్తే నీళ్లుండవు. రానూపోనూ డీజిల్‌కు మాకు రూ.3,150 అయింది.

తిరుగుదారిలో మా అమ్మాయి ఆ పుస్తకం చివరి పేజీ చదివింది. "సలేశ్వరం - చైత్ర పౌర్ణమి జాతర. చాలా దూరం నడక, రాళ్ల దారి. మనవరాలు పెద్దయ్యాక." దాని పక్కన జమ లేదు, ఖర్చు లేదు. చైత్ర పౌర్ణమికి ఇంకా ఐదు నెలలుంది. మంచి బూట్లు కొనాలని అప్పుడే అడిగింది.