శిఖరం చేరని దారి: రెయినియర్ స్కైలైన్ ట్రెయిల్‌పై తొమ్మిదేళ్ల అనుభవం

సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి మౌంట్ రెయినియర్ అంటే ఆకాశం తేటపడిన రోజున ఆఫీసుకు వెళ్తూ కారులోంచి చూసే తెల్లని కొండ. 14,410 అడుగుల ఆ శిఖరం ఎక్కాలంటే తాళ్లు, ఐస్ యాక్స్, తగిన శిక్షణ కావాలి. 10,000 అడుగులు దాటాలన్నా, హిమానీనదం మీద కాలు పెట్టాలన్నా ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. నాకు ఆ కోరిక ఎన్నడూ కలగలేదు. ఆ కొండ దక్షిణపు వాలు మీద, పారడైజ్ అనే చోట మొదలై చుట్టు తిరిగి అక్కడికే వచ్చే స్కైలైన్ ట్రెయిల్‌ను మాత్రం తొమ్మిదేళ్లలో పదకొండుసార్లు నడిచాను. నడిచిన ప్రతిసారీ మిత్రుల కోసం ఒక ట్రిప్ రిపోర్టు రాశాను. ఈ సమీక్ష ఆ దారి గురించే కాక, దాని గురించి రాయడంలో నేను చేసిన పొరపాట్ల గురించి కూడా.

చుట్టు మొత్తం ఐదున్నర మైళ్లు, ఎక్కవలసింది 1,700 అడుగులు. పారడైజే 5,400 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ట్రెయిల్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు దాదాపు 7,000 అడుగులకు చేరుతుంది, అంటే కొండలో సగం దగ్గరే మనం వెనక్కి తిరుగుతాం. మొదటిసారి ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మ, "అంత దూరం పోయి పైదాకా ఎక్కలేదా? అలిపిరి మెట్లెక్కి దర్శనం చేసుకోకుండా దిగి వచ్చినట్టుంది" అంది. నవ్వాను గానీ, నా తొలి రిపోర్టు కూడా అదే ధోరణిలో ఉంది. జూలై మొదటి వారంలో వెళ్లి, దారి పైభాగంలో చుట్టూ చూడటానికి ఆగే పనోరమా పాయింట్ దాటాక బాట మంచు కింద కనుమరుగైతే తిరిగి వచ్చి, "పూర్తి చేయలేకపోయాం" అన్న మాటతో మొదలుపెట్టి, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు రెండు పేజీలు రాశాను. అందులో మంచు ఎక్కడ మొదలైందో లేదు, ఎంత దూరం ఉందో లేదు, ఏ బూట్లతో వెళ్లామో అంతకన్నా లేదు.

శిఖరానికి వెళ్లినవారి రిపోర్టుకు ఒక సౌలభ్యం ఉంటుంది: పైన దిగిన ఫొటో ఒక్కటి పెడితే మిగతాది చదివేవారే ఊహించుకుంటారు. శిఖరం లేని నడకకు ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ ఆగితే ఏమి కనిపిస్తుంది, ఎక్కడినుంచి వెనక్కి తిరిగినా వచ్చిన శ్రమకు తగిన ఫలం దక్కుతుంది అన్నది విడమరిచి చెప్పాలి. స్కైలైన్ ఆ విషయంలో ఉదారమైన దారి. సవ్యదిశలో బయలుదేరితే పనోరమా పాయింట్‌కు ఎక్కేటప్పుడు ఎడమ పక్కన నిస్క్వాలీ హిమానీనదం దుమ్ముపట్టిన మంచు చీలికలతో కనిపిస్తుంది. ఎండ ముదిరాక అటువైపు రాళ్లు జారిన చప్పుడు కూడా వినవచ్చు. 6,800 అడుగుల ఎత్తున్న ఆ మలుపులో వెనక్కి తిరిగితే టటూష్ పర్వతశ్రేణి, దాని వెనక ఆడమ్స్, సెయింట్ హెలెన్స్, ఆకాశం మరీ నిర్మలంగా ఉంటే దూరాన హుడ్ శిఖరం. ఇక్కడినుంచే దిగిపోయినా లోటేమీ ఉండదని ఇప్పుడు మొహమాటం లేకుండా రాస్తాను.

నా రిపోర్టుల్లో అందరికీ ఎక్కువ పనికొచ్చింది కొండ అసలు కనిపించని రోజున రాసినది. ఆగస్టులో ఒక ఉదయం పొగమంచు ఇరవై అడుగుల అవతల ఏమీ కనబడనీయలేదు. చూడటానికి దృశ్యం లేకపోవడంతో దారినే గమనించాను: ఏ మలుపులో గోల్డెన్ గేట్ అడ్డదారి కలుస్తుంది, ఎక్కడ ఫలకం ఉంది, ఊదారంగు లూపిన్ పూలు ఎంత ఎత్తుదాకా పూశాయి, ఉడుత జాతికి చెందిన మార్మోట్‌లు ఏ బండల మధ్య ఈల వేస్తున్నాయి. ఆ తరువాతి వారాల్లో పిల్లలతో వెళ్లిన రెండు కుటుంబాలు ఆ కాగితం చూసుకుంటూనే నడిచాయి.

చెడ్డ రిపోర్టూ ఒకటుంది. మొదటి మైలు తారు దారి కావడంతో "సులభం" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను. అది నమ్మి ఒక మిత్రుడు రాజమండ్రినుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకెళ్తే, ఆ తారు దారి ఏటవాలుకే వారి మోకాళ్లు మొరాయించాయి. అప్పటినుంచి నాతో ఎవరు నడిచారు, వారి వయసెంత, ఎన్నిసార్లు కూర్చున్నారు అన్నది తప్పక రాస్తున్నాను. పెద్దవారికి చుట్టుకు తూర్పు పక్కనున్న మర్టిల్ జలపాతం చాలు; రాను పోను మైలులోపే, ఈడిత్ వాగు మీది వంతెన దగ్గర నిలబడితే జలపాతం వెనక కొండంతా కనిపిస్తుంది.

ఇంకొక తప్పు ఫొటోది. పూల మధ్య నిలబడి తీయించుకున్న బొమ్మను రిపోర్టులో పెట్టాను. మరుసటి వారం ఇద్దరు అదే చోటు ఎక్కడని అడిగారు. అక్కడ మంచు లేని కాలం ఏడాదికి కొద్ది నెలలే, అడుగు పడి నలిగిన మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. బొమ్మ తీసేశాను. ఇప్పుడు పూల ఫొటోలన్నీ బాట మీదినుంచి తీసినవే, అందం కొంత తగ్గినా సరే.

ఫిర్యాదులు లేకపోలేదు. వేసవి శనివారాల్లో తెల్లవారి ఎనిమిది దాటితే కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం, మొదటి మైలులో తిరునాళ్ల రద్దీ. నవంబరు 1 నుంచి మే 1 వరకు వాతావరణం ఎలా ఉన్నా మంచులో చక్రాలకు చుట్టే గొలుసులు కారులో ఉండి తీరాలి. నా మటుకు సెప్టెంబరు మధ్యలోని పనిదినాలే ఉత్తమం. పూలు ఉండవు గానీ హకుల్‌బెర్రీ ఆకులు ఎర్రబడి వాలంతా కుంకుమ చల్లినట్టుంటుంది.

మొన్న జూలైలో వెళ్లినప్పుడు కూడా పనోరమా దాటాక మంచే ఎదురైంది. ఈసారి రిపోర్టు మొదటి వాక్యంలోనే రాశాను: కింది దారి జారుడు మంచు వాలును అడ్డంగా దాటుతుంది, అటు వెళ్లవద్దు, పైనుంచి పోయే హై స్కైలైన్ పట్టుకోండి, అదీ మంచు కిందే ఉంటే పనోరమా దగ్గరి మరుగుదొడ్డి పక్కనున్న రాళ్ల మీద కూర్చుని పులిహోర తిని దిగిపోండి.