తాబేళ్ల కోసం రెండు తీరాలు: చెన్నై, రుషికుల్య

అడవి జంతువులతో పని చేయాలని ఉందని అన్నప్పుడల్లా స్నేహితులు పంపినవన్నీ వేలకు వేలు కట్టే ప్యాకేజీలే. ఫొటోలో ఎవరో ఒకరు తాబేలు పిల్లను అరచేతిలో పెట్టుకుని నవ్వుతుంటారు. నాకైతే ఆ ఫొటో చూడగానే అనుమానం వస్తుంది. మన తూర్పు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా దాన్ని పట్టుకోవడం నేరం.

అందుకే చెన్నైలో తాబేలు గుడ్లను వెతికి కాపాడే ఎస్‌ఎస్‌టీసీఎన్ (స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్) వాళ్ల రాత్రి నడకకు వెళ్లాను. 1988లో విద్యార్థులు మొదలుపెట్టిన బృందం అది. జనవరి నుంచి మార్చి దాకా శుక్ర, శనివారాల్లో బయటివాళ్లను కూడా వెంట తీసుకెళ్తారు. ఫీజు ఏమీ లేదు. సౌకర్యాలూ లేవనుకోండి. అర్ధరాత్రి వేళ నీలాంగరైలో బయలుదేరి బీసెంట్ నగర్ దాకా ఏడు కిలోమీటర్లు ఇసుకలో నడవాలి. దారిలో టీ కొట్టు ఉండదు, బాత్రూమ్ ఉండదు, టార్చి వేయనివ్వరు. తాబేలు గుడ్లు పెట్టిన గూడు ఒక్కటీ దొరక్కుండానే తెల్లవారే రాత్రులూ ఉంటాయి.

దొరికితే మాత్రం నిద్రమత్తు వదిలిపోతుంది. తాబేలు గట్టెక్కి, గుడ్లు పెట్టి, మళ్లీ నీళ్లలోకి పోయిన జాడ ఇసుకలో ట్రాక్టర్ టైరు గుర్తులా ఉంటుంది. అనుభవం ఉన్న వలంటీరు కర్రతో గుచ్చి చూస్తాడు. ఇసుక మెత్తగా దిగిన చోట చేత్తోనే తవ్వుతారు. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లు. నాలాంటి కొత్తవాళ్లకు సంచి పట్టుకోవడం, లెక్క రాయడం, అంతే. అదే సరైన పద్ధతి అనిపించింది. కొన్ని గంటలు గడిస్తే పిండం పెంకుకు అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిల్ల దక్కదు. అందుకే చకచకా హేచరీకి, అంటే గుడ్లు పిల్లలయ్యేదాకా కాపాడే చోటికి తీసుకెళ్లి అంతే లోతులో పాతిపెడతారు. గుడ్లను ఉన్నచోటే వదిలేస్తే కుక్కలు తవ్వేస్తాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చినా, సముద్రం వైపు పోకుండా వీధి దీపాల వైపు పాకుతాయి.

చచ్చిన తాబేళ్లనూ చూడాల్సి వస్తుంది, ముందే చెబుతున్నా. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ కొట్టుకొచ్చాయి. గాలి కోసం పైకి రావాల్సిన ప్రాణి ట్రాలర్ (పెద్ద చేపల మరపడవ) వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోతుంది.

తిరువాన్మియూరులో నేను తీసుకున్న లాడ్జి గది దండగ. తెల్లవారుజామున వెళ్తే గేటుకు తాళం, ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రికి గది వద్దు, మొదటి రైలు దాకా బీచ్‌లోనే కూర్చోవచ్చు.

ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు ఇంకో లోకం. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు అక్కడ గుడ్లు పెట్టాయి. బరంపురం (బ్రహ్మపుర్)లో రైలు దిగితే తెలుగుతో పని జరిగిపోతుంది. ఆ తీరంలో ఒడియావాళ్లు నోలియాలని పిలిచే జాలర్లవీ తెలుగు మూలాలే. బస గోపాలపూర్‌లో తీసుకుంటే తిండికి ఇబ్బంది ఉండదు, కానీ రాత్రిపూట ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతారు. రానూపోనూ ముందే మాట్లాడుకోండి.

పని విషయంలో మాత్రం అక్కడ ఆశ పెట్టుకోవద్దు. కాపలా అంతా అటవీ శాఖదీ, ఊరి వలంటీర్లదీ. మనం కంచె అవతల నిలబడి చూడాలి. ఎవరైనా డబ్బు తీసుకుని లోపలికి పంపిస్తానంటే అక్కడి నుంచి వచ్చేయండి.

చూడ్డానికైతే రుషికుల్యే. పని నేర్చుకోవడానికి చెన్నై. చిన్నపిల్లలుంటే నడక వద్దు, గుడ్ల నుంచి తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజుల్లో సాయంత్రం బీసెంట్ నగర్ హేచరీ దగ్గరికి వెళ్తే వాటిని సముద్రంలోకి వదలడం చూడొచ్చు. డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు వచ్చే సీజన్‌కు వెళ్తానంటున్నాడు. శుక్రవారం నడకకే వెళ్లమన్నాను, శనివారం జనం ఎక్కువై వెనకున్నవాళ్లకు ఏమీ కనిపించదు.